మైనం మీద మిగిలిన గొంతులు

1889 ఏప్రిల్ 7న లండన్‌లో ఒక చిత్రకారుడి ఇంట్లో విందు. ఎడిసన్ కనిపెట్టిన ఫోనోగ్రాఫ్‌ను ఇంగ్లండ్‌లో ప్రచారం చేస్తున్న జార్జ్ గూరో ఆ యంత్రాన్ని విందుకు తెచ్చాడు. అతిథుల్లో కవి రాబర్ట్ బ్రౌనింగ్ ఉన్నాడు. వయసు 76. ఏదైనా చదవమని అడిగితే 44 ఏళ్ళ కిందట అచ్చయిన తన కవిత ఒకటి అందుకున్నాడు. ముగ్గురు రౌతులు ఒక శుభవార్త మోసుకుంటూ గుర్రాలను దౌడు తీయించే కథ అది. మొదటి పాదాలు గుర్రాల్లాగే పరుగెత్తాయి. అంతలో మాట తడబడింది. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ ఆగిపోయాడు. తన పద్యాలు తనకే గుర్తు రావడం లేదని క్షమాపణ చెప్పుకుని, ఈ యంత్రం కలిగించిన ఆశ్చర్యాన్ని మాత్రం బతికినంత కాలం మరచిపోనని అన్నాడు. చివర్లో సంతకం పెట్టినట్టు తన పేరు తానే గట్టిగా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు జేజేలు కొట్టారు. ఎనిమిది నెలలకు ఆయన వెనిస్‌లో కన్నుమూశాడు. ఏడాది తిరిగి వర్ధంతి వచ్చిన రోజు అభిమానులు కూడి ఆ మైనపు సిలిండర్‌ను మళ్ళీ తిప్పారు. చనిపోయిన మనిషి గొంతు వినడం లోకంలో అదే మొదటిసారని అప్పట్లో చెప్పుకున్నారు.

ఆ సిలిండర్ మీద కవిత పట్టుమని పది పాదాలు కూడా లేదు. పుస్తకంలో ఉన్నదానికి అది కొత్తగా చేర్చేదీ లేదు. అయినా వినడం మొదలుపెట్టాక మధ్యలో ఆపడం కష్టం. రచయితలు తమ రచనలను తామే చదివిన రికార్డింగులను చాలామంది ఒక ఆశతో వెతుక్కుంటారు. రాసిన మనిషే చదివితే అసలు అర్థం తేలిపోతుందని, తన చదువు సరైనదో కాదో తెలిసిపోతుందని ఆ ఆశ. అది దాదాపు ఎప్పుడూ నెరవేరదు. అర్థం కోసం వెళ్ళినవాళ్ళు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో, ఏ మాట దగ్గర వేగం పెంచాడో, ఎక్కడ నాలుక మడతపడిందో తెలుసుకుని తిరిగి వస్తారు. తీర్పు కోసం వెళ్తే సాక్ష్యం దొరికినట్టు. ఆ సాక్ష్యం విలువ తక్కువేమీ కాదు.

అయితే ఏ సాక్షినైనా నమ్మే ముందు అతను ఎక్కడ నిలబడి చూశాడో అడగాలి. ఇక్కడ ఆ ప్రశ్న వేయవలసింది యంత్రాన్ని. 1925 ప్రాంతంలో విద్యుత్ మైక్రోఫోన్ వచ్చేదాకా రికార్డింగు మొత్తం గాలి ఒత్తిడితో నడిచిన పని. గరాటు లాంటి బూరలోకి బిగ్గరగా మాట్లాడితే ఆ ధ్వని ఒక పలచని పొరను అదిలించేది. పొరకు అంటుకున్న మొన తిరుగుతున్న మైనం మీద గాడి గీసేది. గుసగుసకు గాడి పడదు. మరీ సన్నని ధ్వనులూ, మరీ మంద్రమైనవీ పట్టవు. స, శ లాంటి ఊపిరి శబ్దాలు ఎటో కొట్టుకుపోతాయి. దానికితోడు రికార్డు చేసినప్పుడు సిలిండర్ ఎంత వేగంతో తిరిగిందో కచ్చితంగా తెలియకపోతే, వినిపించేటప్పుడు గొంతు స్థాయి కూడా మారిపోతుంది. పాత కవులందరూ కొండ మీద నుంచి కేకలు పెడుతున్నట్టు ఎందుకు వినిపిస్తారంటే జవాబు సగం వాళ్ళ కాలపు పఠన పద్ధతిలో ఉంది, సగం ఆ బూరలో ఉంది. ఏ సగం ఎంతో విడదీసి చెప్పడం నిపుణులకూ సులువు కాదు.

నిడివి మరో కట్టుబాటు. తొలినాటి మామూలు సిలిండర్ మీద పట్టేది రెండు నిమిషాలు. తర్వాత వచ్చిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్ళెం మీద మూడు నుంచి ఐదు. 1909లో గ్రామఫోన్ కంపెనీ మనుషులు రష్యన్ నవలాకారుడు టాల్‌స్టాయ్ ఉండే యాస్నయా పొల్యానాకు వెళ్ళి ఆయన గొంతును రికార్డు చేశారు. వేల పేజీల నవలలు రాసిన మనిషి ఆ రోజు చదివినవి తాను కూర్చిన నిత్యపఠన గ్రంథంలోని చిన్న చిన్న ఆలోచనలు. రష్యన్‌లో, ఇంగ్లిష్‌లో, ఫ్రెంచ్‌లో, జర్మన్‌లో చదివాడు. నవల ఆ పళ్ళెంలో ఇమడదు కదా. 1948లో ఎక్కువసేపు నడిచే ఎల్‌.పి. రికార్డు వచ్చి ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా చోటు ఇచ్చాకే కథలకు అవకాశం దక్కింది.

ఆ అవకాశాన్ని ముందుగా పట్టుకున్నది ఇద్దరు అమ్మాయిలు. బార్బరా కోహెన్, మేరియన్ రోనీ 22 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో కేడ్‌మన్ అనే కంపెనీ పెట్టారు. వేల్స్ కవి డిలన్ థామస్‌కు 500 డాలర్ల బయానా ఇచ్చి 1952 ఫిబ్రవరిలో స్టూడియోకు రప్పించారు. ఆయన తెచ్చిన కవితలతో ఒక వైపు నిండింది. రెండో వైపుకు సరుకు చాలలేదు. ఇంకేమైనా ఉందా అని అడిగితే, ఒక పత్రికలో వచ్చిన క్రిస్మస్ జ్ఞాపకాల కథ ఉందన్నాడు. ఖాళీ నింపడానికి చదివిన ఆ కథే రికార్డుకు ప్రాణమైంది. కవితల కంటే దానికే పేరొచ్చింది. ఆడియో పుస్తకాల వ్యాపారానికి విత్తనం అక్కడే పడిందని అంటారు.

రచయిత గొంతు నిజంగా ఏదైనా నేర్పితే అది లయ గురించే నేర్పుతుంది. ఐరిష్ కవి యేట్స్ 1930లలో బీబీసీ కోసం చదివిన కవితలు దీనికి మంచి ఉదాహరణ. కవిత మొదలుపెట్టే ముందే ఆయన శ్రోతలను హెచ్చరిస్తాడు: లయను బాగా ఒత్తి చదువుతాను, అలవాటు లేనివారికి వింతగా ఉండవచ్చు, వీటిని పద్యంగా మలచడానికి నానా తంటాలు పడ్డాను కాబట్టి వచనంలా మాత్రం చదవను అని. ఆ తర్వాత వచ్చే 'ఇన్నిస్‌ఫ్రీ' కవిత చదవడానికీ పాడటానికీ మధ్య ఎక్కడో తేలుతుంది. అచ్చులు సాగుతాయి, పాదం చివర గొంతు దిగకుండా నిలుస్తుంది. తెలుగులో పద్యం విని పెరిగినవారికి ఇది వింత కానే కాదు. యతి దగ్గర విరుపు, పాదాంతంలో సాగదీత తెలిసిన చెవికి యేట్స్ చేస్తున్నదేమిటో వెంటనే పట్టుబడుతుంది. వింతగా తోచేది కవిత్వాన్ని మాట్లాడినట్టు చదవడమే సహజమని అలవాటు పడ్డ చెవులకు. ఒక్క మెతుకు చాలు: రెండో పాదంలో 'మట్టీ తడికెలూ' అని అర్థమిచ్చే మామూలు మాటలను కూడా ఆయన మంత్రంలా పలుకుతాడు. ఆ కవిత నడిచేది మాటల బరువు మీద కాదనీ, పాదం ఊగే తీరు మీదనీ అప్పుడు తెలుస్తుంది. అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ ఇంకో మెట్టు పైకెక్కి 1939లో హార్వర్డ్‌లో ఒక యుద్ధగీతం చదువుతూ డప్పులు వాయించాడు. అది కొంచెం అతి.

కవి టి.ఎస్. ఎలియట్ తన 'ఫోర్ క్వార్టెట్స్' కవితలు తానే చదివి రికార్డు ఇస్తూ దాని అట్ట మీద ఒక మాట రాశాడు. స్వరకర్త తన సింఫనీకి తానే నాయకత్వం వహించినంత మాత్రాన అది ఆఖరి వ్యాఖ్యానం కానట్టే, కవి చదివినదీ కాదని దాని సారం. ఇలాంటి రికార్డు ముఖ్యంగా పనికొచ్చేది లయ తెలుసుకోవడానికే అని ఆయన అభిప్రాయం. తన గొంతుకు తానే హద్దు గీసుకున్న రచయితలు అరుదు.

వచనం విషయంలో ఐరిష్ నవలాకారుడు జేమ్స్ జాయిస్ రికార్డింగులు రెండూ వినదగ్గవి. మొదటిది 1924లో పారిస్‌లో చేసింది. పుస్తకాల దుకాణం నడిపే సిల్వియా బీచ్ తన డబ్బుతో హెచ్‌.ఎం.వి. వారి దగ్గర చేయించింది. అది తమ జాబితాలో చేర్చబోమని కంపెనీ ముందే చెప్పింది. వేసినవి 30 ప్రతులు. తన నవల 'యులిసిస్' నుంచి విడిగా తీసి చదవడానికి పనికొచ్చే భాగం ఒక్కటే ఉందని జాయిస్ ఎంచుకున్నది ఒక ఉపన్యాసం ఘట్టం. చదివిన తీరు కూడా ఉపన్యాసమే, గంభీరంగా, కాస్త బిగుసుకుపోయి. 1929లో చేసిన రెండోది పూర్తిగా వేరు. అప్పటికి ఆయన చూపు బాగా దెబ్బతిన్నది. పాఠాన్ని అంగుళంలో సగం ఎత్తున్న అక్షరాలతో వేయించి ముందు పెట్టారు. చదివింది 'ఫినెగన్స్ వేక్'గా మారబోతున్న రచనలోని అన్నా లివియా భాగం. కాగితం మీద అది ముళ్ళపొద. నదుల పేర్లు మాటల్లోకి చొరబడి, ఏ వాక్యమూ తిన్నగా నడవదు. జాయిస్ గొంతులో మాత్రం ఏటి ఒడ్డున బట్టలుతికే ఇద్దరు ఆడవాళ్ళు ఊరి కబుర్లు చెప్పుకోవడం వినిపిస్తుంది. ఒకామె ఆత్రంగా అడుగుతుంది, ఇంకొకామె ఊరిస్తూ చెబుతుంది. చీకటి పడేకొద్దీ ఒకరి మాట ఒకరికి వినబడదు. ఏ మాటకు ఏమర్థమో ఇప్పటికీ తెలియదు, కానీ ఎవరు ఎవరితో ఏ ధోరణిలో మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. అర్థం కాని పుస్తకంలోకి చెవి ద్వారా ఒక దారి ఉందని ఇంత స్పష్టంగా చూపిన రికార్డింగు మరొకటి దొరకడం కష్టం.

అమెరికన్ కథకురాలు ఫ్లానరీ ఓకానర్ 1959లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో తన పేరుపడ్డ కథ చదివింది. సెలవులకు కారులో బయలుదేరిన కుటుంబం జైలు నుంచి పారిపోయిన హంతకుల చేతిలో పడే కథ. తరగతి గదుల్లో దీన్ని పాపం, కృప లాంటి పెద్ద మాటలతో వివరిస్తారు. రికార్డింగులో మొదట వినిపించేది జనం నవ్వు. చాదస్తపు నాయనమ్మ మాట్లాడినప్పుడల్లా గది గొల్లుమంటుంది. ఓకానర్ అమెరికా దక్షిణాది జార్జియా యాసలో, ముఖం మీద ఏ భావమూ లేనట్టు చదువుకుంటూ పోతుంది. ఆ నవ్వు వినకుండా కథ చదివినవాళ్ళు సగం కథే చదివినట్టు. అంత నవ్విన తర్వాత వచ్చే తుపాకీ చప్పుడుకు ఉన్న బరువు, మొదటి నుంచీ గంభీరంగా చదివితే రాదు.

అందరికీ చదవడం రాదు. అమెరికన్ నవలాకారుడు ఫాక్‌నర్ 1950 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం ఇచ్చినప్పుడు మైకుకు దూరంగా నిలబడి గబగబా గొణిగేశాడు. ఎదురుగా కూర్చున్నవారికి ఏమీ అందలేదు. మర్నాడు అచ్చులో చదివాక గానీ తాము ఎంత గొప్ప ప్రసంగానికి హాజరయ్యారో వాళ్ళకు తెలియలేదు. దీనికి పూర్తి ఎదురుగా డికెన్స్ ఉన్నాడు. తన నవలల ఘట్టాలను వేదికల మీద నటిస్తూ చదివి జనాన్ని ఏడిపించాడు. ఆ చదువు కోసం తయారు చేసుకున్న ప్రతుల అంచుల్లో తనకు తాను సూచనలు రాసుకున్నాడు. 'ఆలివర్ ట్విస్ట్' నవలలోని నాన్సీ హత్య ఘట్టం పక్కన 'చివరిదాకా భయం' అన్న అర్థంలో రాసుకున్న గుర్తు ఇప్పటికీ ఉంది. కానీ డికెన్స్ 1870లో పోయాడు, ఫోనోగ్రాఫ్ 1877లో వచ్చింది. ఏడేళ్ళ తేడాతో ఆ గొంతు జారిపోయింది. మిగిలినవి అంచుల మీది రాతలే.

రాసినవారి గొంతు కంటే మరొకరి గొంతు రచనకు అతుక్కుపోవడం కూడా మామూలే. కరుణశ్రీ పుష్పవిలాపం పద్యాలు తెలుగువారి చెవిలో ఘంటసాల గొంతుతోనే మోగుతాయి. పుస్తకం తెరిచి మౌనంగా చదివినా లోపల పాడేది ఘంటసాలే. దీన్ని లోటు అనడానికి లేదు. కాకపోతే ఆ పద్యాల్లో కవి ఎక్కడ ఆగమన్నాడో, గాయకుడు ఎక్కడ ఆగాడో ఇప్పుడు విడదీయడం ఎవరి తరం?

రచయిత చదువుతున్నప్పుడు రచన కదలడం మరో ముచ్చట. అమెరికన్ కవయిత్రి సిల్వియా ప్లాత్ 'లేడీ లాజరస్' కవిత రాసింది 1962 అక్టోబర్ 23 నుంచి 29 మధ్య. 30న బ్రిటిష్ కౌన్సిల్ వారి కోసం దాన్ని రికార్డు చేసింది. సిరా ఇంకా ఆరలేదన్నమాట. అందుకే ఆ చదువులో తర్వాత అచ్చులో కనిపించని మాటలు వినిపిస్తాయి. మూడున్నర నెలలకే ఆమె చనిపోయింది కాబట్టి ఆ రికార్డింగును మరణవాంగ్మూలంలా వినేవాళ్ళు ఎక్కువ. వింటే మాత్రం ఆ గొంతులో నీరసం ఎక్కడా లేదు. పదును ఉంది, హేళన ఉంది, ప్రాసను పళ్ళ మధ్య కొరికి వదిలే ఆనందం ఉంది. కొత్తగా రాసిన కవితను తొలిసారి గట్టిగా చదువుతున్న మనిషి ఉత్సాహమది. వెనక నుంచి తెలిసిన చావును తీసుకెళ్ళి ఆ గొంతుకు తగిలించడం వినేవారి పని.

1961 జనవరి 20న కెనెడీ ప్రమాణస్వీకారంలో రాబర్ట్ ఫ్రాస్ట్‌కు జరిగింది ఇంకో రకం. 86 ఏళ్ళ కవి ఆ సందర్భానికని రాసుకొచ్చిన కొత్త కవిత చదవబోతే ఎండ మిరుమిట్లకు కాగితం కనబడలేదు. ఉపాధ్యక్షుడు జాన్సన్ తన టోపీ అడ్డం పెట్టినా లాభం లేకపోయింది. ఫ్రాస్ట్ కాగితం వదిలేసి తన పాత కవిత ఒకటి కంఠతా చెప్పేశాడు. చివరి పాదంలో క్రియను సందర్భానికి తగ్గట్టు భవిష్యత్తులోకి మార్చాడు, మారుస్తున్నానని చెప్పి మరీ. బ్రౌనింగ్‌కు యంత్రం ముందు తన పద్యం గుర్తు రాలేదు, ఫ్రాస్ట్‌కు గుర్తున్న పద్యమే పరువు నిలిపింది.

వినేటప్పుడు తరచూ మరచిపోయే సంగతి వయసు. ఇంగ్లిష్ కవి టెన్నిసన్ 1890లో మైనపు సిలిండర్ మీద చదివిన అశ్వికదళం కవిత 1854 నాటిది. రాసినవాడికి 45, చదివినవాడికి 80. ఆ సిలిండర్లు తర్వాత వేడికి వంగిపోయి ధ్వని ఇంకాస్త చెడింది. ఆ రొద లోంచి వచ్చే వణుకు కవిదా, వయసుదా, వంగిన మైనానిదా? శ్రీశ్రీ మహాప్రస్థానం విషయంలోనూ ఇదే చిక్కు. గూటాల కృష్ణమూర్తి 1981లో లండన్ నుంచి కవి చేతిరాతతో, కవి గొంతు నింపిన కేసెట్‌తో ఆ పుస్తకాన్ని వెలువరించారు. తెలుగులో ఇది అపురూపమైన పని. అయితే 'పదండి ముందుకు, పదండి త్రోసుకు' అని రాసింది పాతికేళ్ళ యువకుడు. కేసెట్‌లో చదివింది వార్ధక్యంలో ఉన్న మనిషి. పైగా వినేవారి చెవి ఖాళీగా లేదు. సభల్లో, ఊరేగింపుల్లో, నాటకాల్లో ఎందరో ఆ గీతాన్ని ఉరిమి ఉరిమి చదివారు. ఆ ఉరుము అలవాటైన చెవికి అసలు కవి గొంతే నకలులా అనిపించే ప్రమాదం ఉంది. అలా అనిపిస్తే తప్పు కవిది కాదు.

తన గొంతు తనకే కొత్తగా తోచడం రచయితలకూ తప్పదు. మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది. ఎముక మంద్రధ్వనులను బాగా మోస్తుంది కాబట్టి లోపల నిండుగా ఉన్న గొంతు టేపులో పలచగా పలుకుతుంది. చాలామందికి ఇది చేదు అనుభవం. ఇంగ్లిష్ రచయిత టోల్కీన్‌కు తిరగబడింది. 1952లో ఒక స్నేహితుడు తన ఇంట్లో టేప్ రికార్డర్ చూపిస్తే, యంత్రంలో దయ్యం ఉంటే పోతుందని ముందుగా అందులోకి గోతిక్ భాషలో ప్రభువు ప్రార్థన చదివాడు. తర్వాత తన నవల 'హాబిట్' నుంచి చీకటి గుహలో పొడుపుకథల ఘట్టం చదివి, ఆ గుహలో ఉండే గొల్లమ్ అనే ప్రాణి గొంతును బుసబుసలతో పలికాడు. విన్నాక తాను ఇంత బాగా చదవగలనని తనకే తెలియదని ఆశ్చర్యపోయాడు.

యాస ఇంకో తెర తీస్తుంది. అర్జెంటీనా రచయిత హూలియో కోర్తసార్ పుట్టింది బ్రస్సెల్స్‌లో. ఆయన స్పానిష్‌లో 'ర' ఫ్రెంచ్‌వారి 'ర'లా గొంతులోంచి వస్తుంది. వినేదాకా ఏ పాఠకుడూ ఊహించడు. వర్జీనియా వుల్ఫ్ గొంతు మిగిలింది ఒకే ఒక్క రికార్డింగులో, 1937 ఏప్రిల్ 29న బీబీసీలో ఇచ్చిన ప్రసంగంలో కొంత. ఎనిమిది నిమిషాలు. నవలల్లో మనసుల లోపలి అలలను పట్టిన రచయిత్రి గొంతు ఎంత సన్నగా, చెవిలో చెప్పినట్టు ఉంటుందో అనుకుని వింటే, ఎదురయ్యేది పెద్దింటి పాత ఇంగ్లిష్ ఉచ్చారణ. అచ్చులు గుండ్రంగా, వాక్యాలు నిటారుగా. చాలామంది ఉలిక్కిపడతారు. ఆ ఉలికిపాటులోనే అసలు లాభం ఉంది. ఇన్నాళ్ళూ పుస్తకం చదువుతూ లోపల విన్నది ఎవరి గొంతో అప్పుడు కదా అనుమానం వచ్చేది. అందుకే ముందు పుస్తకం చదివి, తర్వాత రికార్డింగు వినడం మంచిది. తిరగేస్తే పోల్చుకోవడానికి రెండో గొంతు మిగలదు. ఆ ఎనిమిది నిమిషాల్లో ఆమె మాట్లాడింది మాటల గురించే. మాటలు శతాబ్దాలుగా జనం నోళ్ళలో, ఇళ్ళలో, వీధుల్లో తిరిగి తిరిగి ప్రతిధ్వనులతో నిండిపోయాయని చెబుతుంది.

లేని గొంతులకు ఉన్న గిరాకీ చూస్తే ఇదంతా ఎంత లోతైన కోరికో తెలుస్తుంది. అమెరికన్ కవి విట్మన్‌దని చెప్పే అర నిమిషం రికార్డింగు ఒకటి తిరుగుతోంది. నిజంగా ఆయనదేనా అన్న వాదన తెగలేదు. మార్క్ ట్వేన్ 1891లో చేతినొప్పి వల్ల ఒక నవలను ఫోనోగ్రాఫ్‌లోకి చెప్పబోయి డజన్ల కొద్దీ సిలిండర్లు నింపాడు. ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది ట్వేన్‌కు ఒకప్పుడు పొరుగున ఉన్న నటుడు విలియం జిలెట్ చేసిన అనుకరణ. 1934లో, ట్వేన్ పోయిన 24 ఏళ్ళకు, ఎనభై ఏళ్ళ జిలెట్ హార్వర్డ్‌లో ట్వేన్ రాసిన కప్ప కథను ఆయన సాగదీత గొంతుతో చదివి వినిపించాడు. జ్ఞాపకం మీద చేసిన నకలును ఇంత శ్రద్ధగా వినడం విడ్డూరమే, అయినా వింటారు.

ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ సంగతి ఇంకా విచిత్రం. 1937లో స్పెయిన్ యుద్ధంలో తూటా ఆయన గొంతులోంచి దూసుకుపోయింది. బతికాడు, మాట తిరిగి వచ్చింది. 1941 నుంచి 1943 దాకా బీబీసీలోనే ఉద్యోగం చేశాడు. భారతదేశానికి వెళ్ళే ప్రసారాల్లో ప్రసంగాలు రాశాడు, వాటిలో కొన్ని తానే చదివాడు. ఆ రాతప్రతులు దొరికి పుస్తకంగా కూడా వచ్చాయి. ఆయన స్వరం గురించి తోటివాళ్ళు రాసిన మాటలు ఉన్నాయి. రేడియోలో రెండేళ్ళు పనిచేసిన ఆ మనిషి గొంతు ఒక్క నిమిషం కూడా, ఏ మైనం మీదా ఏ పళ్ళెం మీదా, ఇంతవరకు దొరకలేదు.